నీలం చీర కింద నీడ

ఆచార్య లింబాద్రి గారిని ప్రశ్న అడిగేముందు శిష్యులు రెండు సంగతులు చూసుకునేవారు. కాళ్ళకు గట్టి చెప్పులున్నాయా అన్నది ఒకటి, మర్నాడు వేరే పనేమీ పెట్టుకోలేదు కదా అన్నది రెండోది. ఎందుకంటే ఆయన ప్రశ్నకు జవాబు చెప్పేవారు కాదు, ప్రశ్న వేసినవాళ్ళను బస్సెక్కించేవారు. నేల సారం గురించి అడిగిన ఒకాయన మూడు బస్సులు మారి, ఎవరిదో మేకల మంద వెనక పొద్దంతా తిరిగి, సాయంత్రానికి బుద్ధి తెచ్చుకుని ఇంటికి చేరాడు. డెబ్బై ఏళ్ళు నిండినా, మోకాళ్ళు మొరాయిస్తున్నా ఆ అలవాటు మాత్రం పోలేదు. పదవీ విరమణ తర్వాత పసుపు పరిశోధన కేంద్రం వాళ్ళు గౌరవంగా ఆయనకొక చిన్న గది ఇచ్చారు. ఆ గదిలో పుస్తకాల కంటే బస్సుల వేళలు రాసుకున్న కాగితాలే ఎక్కువని వెనకాల నవ్వుకునేవారు. ఆ మాట ఆయన చెవిన పడితే, పుస్తకాలు ఎక్కడికీ తీసుకుపోవు కదా అని ఊరుకున్నారు.

రవళి ఆ గది గడప తొక్కింది జూన్ మొదటివారంలో, ఒక గురువారం. ఆమె ఆ కేంద్రంలో తాత్కాలిక శాస్త్రవేత్త. పసుపులో దుంపకుళ్ళు తెగులు పారే నీళ్ళతో పాటు మడి నుంచి మడికి ఎలా పాకుతుందో మూడేళ్ళుగా తేలుస్తోంది. ఆ మూడేళ్ళూ ఈ నెలతో సరి. ఇంకో మూడేళ్ళు కావాలంటే సోమవారంలోగా ఒక ఫారం నింపాలి. "మీ పరిశోధన ప్రభావం ఎంత?" అన్నది అందులో అసలు ప్రశ్న. పాతరోజుల్లో అయితే సైటేషన్లు లెక్కపెట్టి రాస్తే సరిపోయేది. అంటే, మన పేపర్‌ను ఇంకెందరు తమ పేపర్లలో ప్రస్తావించారన్న లెక్క. రవళి పేపర్‌కు నాలుగు వచ్చాయి. అందులో రెండు ఆమె తన పేపర్‌ను తానే ప్రస్తావించుకున్నవి.

ఈ ఏడు పైవాళ్ళు కొత్త కొలతలు తెచ్చారు. పేపర్‌ను ఎందరు చదివారు, ఎందరు దించుకున్నారు, ఫోన్లలో ఎందరు పంచుకున్నారు, పత్రికల్లో ఎక్కడైనా వచ్చిందా, ఇవన్నీ కలిపి ఒక అంకె. ఆల్ట్‌మెట్రిక్స్ అంటారు. ఆ మాట వినగానే రవళి సంబరపడింది. సంబరపడటంలో తప్పేమీ లేదు. రైతు పేపర్లు రాయడు. రైతుకు మేలు జరిగితే ఆ సంగతి సైటేషన్లకు తెలిసే దారి లేదు. ఇప్పటికైనా నలుగురి కంట పడే కొలత వచ్చిందనుకుని, తన పేపర్‌కు ఎంత వచ్చిందో తీసి చూసుకుంది. పదిహేడు. నూరు దాటితేనే పైవాళ్ళు పరిశీలిస్తారట. సంబరం అక్కడే చల్లారింది.

ప్రయోగశాలలో పక్క బల్ల అనుదీప్ ఆమె ముఖం చూసి జాలిపడ్డాడు. అతనికి తెలిసిన ఒక మనిషి ఉన్నాడు. ఐదు వందల ఖాతాల నుంచి ఏ పేపర్‌నైనా పంచుకునేలా చేస్తాడు. రెండు రోజుల్లో పదిహేడు కాస్తా నూట అరవై అవుతుంది. "అందరూ చేస్తున్నదే రవళీ. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు ఊఁ అను చాలు. నేనే ఫోన్ చేస్త" అన్నాడు. ఆమె ఊఁ అనలేదు, ఊహూఁ అని కూడా అనలేకపోయింది. ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోతుంది, అది ఒక బాధ. మూడేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న మళ్ళను ట్రాక్టరు పెట్టి దున్నేస్తారు, అది ఇంకో బాధ. ఏది పెద్దదో ఆమెకే తెలియలేదు.

అందుకని గురువు దగ్గరికి వచ్చింది. ఐదు వందల ఖాతాల సంగతి కడుపులో దాచుకుని, పైకి మాత్రం పెద్దమనిషి ప్రశ్నే అడిగింది.

"సార్, ఒక పరిశోధన ఎంత దూరం పోయిందో కొలవాలంటే ఎట్ల కొలవాలె?"

లింబాద్రి గారు కళ్ళద్దాలు తీసి, పైకండువాతో తుడుచుకుని, ఆమె కాళ్ళ వంక చూశారు. "రేపు ఏమన్నా పనున్నదా అమ్మా?"

రవళికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెప్పులు మాత్రం గట్టివే.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బస్సు వాళ్ళను ఒక అడ్డరోడ్డు దగ్గర దింపి పోయింది. గురువుగారి భుజాన గుడ్డసంచీ, చేతిలో పొన్నుకర్ర. అక్కడి నుంచి ఎర్రగుంటపల్లెకు మూడు కిలోమీటర్ల నడక. మిరుగం, అదే మృగశిర కార్తె, అప్పుడే వచ్చింది. ఒక వాన పడి, నేల మెత్తబడి, పసుపు పెట్టే రోజులు. రోడ్డు పక్కన ప్రతి కొట్టం ముందూ విత్తనపు కొమ్ములను మందునీళ్ళలో ముంచి తీసి ఆరబెట్టుకుంటున్నారు. మొదటి కొట్టం ముందు నాలుగు కర్రలు పాతి, వాటి మీద ఒక నీలం చీర కట్టి ఉంది. దాని కింద విత్తనం. రవళి పెద్దగా పట్టించుకోలేదు. రెండో చోట కూడా నీలం చీరే ఉంది. మూడో చోట కూడా అదే కనబడేసరికి ఆగిపోయింది.

ఆ కొట్టం ముందు ఒక నడివయసు రైతు బుట్టలు దులుపుతున్నాడు. లింబాద్రి గారు ఏమీ ఎరగనట్టు, "ఏం పటేలా, ఏ బట్టయితే ఏంది? తెల్లది కట్టినా నీడనే గదా?" అన్నారు.

ఆ రైతు ఆయన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఊరోళ్ళు గానట్టున్నది సారూ. తెల్వకుంటె అడగాలె గని, గట్ల అనొద్దు. తెల్లబట్ట పనికిరాదు. నీలందే గావాలె. నీలం ఎండను మింగుతది. మా మేనత్త చెప్పింది. ఆమెకు ఎవలో పెద్ద సైంటిస్టు చెప్పిండంట."

"ఎవరా సైంటిస్టు?"

"గాయన ఢిల్లీల ఉంటడు."

"అట్లనా? నాకు తెల్వకపాయె" అని లింబాద్రి గారు వినయంగా తల ఊపి కర్ర పట్టుకుని ముందుకు నడిచారు.

నాలుగడుగులు పోయాక రవళి ఆగలేక అడిగింది. గురువుగారు రోడ్డు కింది మోరీ గట్టు మీద కూర్చుని, మోకాలు నిమురుకుంటూ చెప్పుకొచ్చారు. ముప్పై ఏళ్ళ కిందట ఆయన చేసిన పరిశోధన ఒక్క ముక్కలో ఇది: మందులో ముంచిన విత్తనాన్ని ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి. పేపర్ అచ్చయింది. రైతుల కోసం వెయ్యి కరపత్రాలు కూడా వేయించారు. బొమ్మ గీసింది సైన్‌బోర్డులు రాసే ఒకాయన. నీడను బొమ్మలో ఎలా చూపాలో తోచక, నాలుగు కర్రలు, మీద ఒక చీర గీసి పెట్టాడు. ప్రెస్సులో ఆ పూట నల్లసిరా నిండుకుంది. నీలం ఉంటే దానితోనే లాగించారు.

"మనిషి నీలం, ఎద్దు నీలం, పసుపు నీలం, చీర నీలం" అన్నారు లింబాద్రి గారు. "నీలం ఎద్దును ఎవరూ నమ్మలేదు. నీలం పసుపును ఎవరూ నమ్మలేదు. చీరను మాత్రం నమ్మిండ్రు."

రవళి నవ్వి నవ్వి తానూ మోరీ మీద కూలబడింది. నవ్వు ఆగాక వెనక్కి తిరిగి వచ్చిన దారి వంక చూసింది. ఆ పేపర్‌కు ముప్పై ఏళ్ళలో వచ్చినవి పదకొండు సైటేషన్లని ఆమెకు తెలుసు. ఆ వెయ్యి కరపత్రాలూ చెదలు తిని ఏనాడో మట్టిలో కలిసిపోయి ఉంటాయి. అయినా సరే, ఎక్కడ నీలం చీర కట్టి ఉంటే అక్కడికి ఆ మాట నడిచి వెళ్ళిందన్నమాట. మేనత్తల నోట, కోడళ్ళ నోట, ఏ పత్రికకూ ఏ కంప్యూటరుకూ తెలియకుండా. అచ్చుతప్పే దానికి ఆనవాలైంది. పుస్తకం తీసి గీతలు గీయడం మొదలుపెట్టింది. ఊరు చేరేసరికి పద్నాలుగు గీతలయ్యాయి.

"సార్, ఇదే కొలత! ఫోటోలు తీద్దాం. మండలం మొత్తం తిరిగి లెక్కపెడదాం. దీని మీదనే ఒక పేపర్ రాయొచ్చు" అంది. ముందటి రాత్రంతా నిద్రలేని మనిషిలా లేదు.

ఆయన పొద్దు వంక చూశారు. "ముందు ముత్తవ్వ ఇంటికి పోదాం. ఎండ ముదిరింది" అన్నారు.

ముత్తవ్వ ఇల్లు ఊరి చివర. మట్టిగోడలు, పైన రేకులు, పక్కన పశువుల కొట్టం. వాకిట్లో వేపచెట్టు పక్క నులకమంచం మీద ముత్తవ్వ కూర్చుని ఉంది. ఎనభై ఐదు దాటిన మనిషి. కళ్ళకు పొర కమ్మి వెలుగు చీకటి తప్ప ఏమీ ఆనవు. లింబాద్రి గారు కర్ర పక్కన పెట్టి, మోకాళ్ళు వంగక మూలుగుతూనే వంగి, ఆమె పాదాలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. సంచీలోంచి వక్కపొడి పొట్లం, తమలపాకులు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"వచ్చినవా సారూ? మిరుగం వచ్చిందంటె నువ్వొస్తవని స్వరూపకు పొద్దుగాల్నే చెప్పిన" అని ముత్తవ్వ బోసినోటితో నవ్వింది. "ఏటేటా ఎందుకు మొక్కుతవయ్యా? నేను నీకేం జేసిన? ఇంత అన్నం బెట్టిన, గంతే గదా."

స్వరూప ఆ ఇంటి మనవడి పెళ్ళాం. తెల్లవారుజామున లేచి, మొగుడితో కలిసి రెండెకరాల విత్తనం మందులో ముంచి తీసి, అతన్ని అరక మీదికి పంపి, అప్పుడే వంటకు కూర్చుంది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, గర్వంగా ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ కొత్త నీలం చీర, జరీ అంచుతో, నిలువెత్తు కర్రల మీద పందిరిలా కట్టి ఉంది. దాని పక్కన తడి ఆరీ ఆరని కొమ్ములు బారుగా పరిచి ఉన్నాయి.

"పొద్దున మా ఆయన ఫోటో తీసి పసుపు రైతుల గ్రూపుల పెట్టిండు మేడం. నూటముప్పై మంది బాగుందన్నరు. ఆదిలాబాద్ దిక్కున గూడ ఎవలో పంపుకున్నరంట" అని ఫోన్ చూపించింది. ఫోటో నిజంగానే బాగుంది. రవళి మురిసిపోయి పుస్తకంలో పదిహేనో గీత గీసింది. నూటముప్పై అని పక్కనే రాసుకుంది కూడా. ఆ అంకె తనకు వచ్చి ఉంటే అన్న ఆలోచన ఒక్క క్షణం మనసులో మెదిలింది, అబద్ధమెందుకు.

ఇంతలో ముత్తవ్వ గోడ పట్టుకుని మెల్లగా వెనక్కి వచ్చింది. "నా చెయ్యి పట్టుకోని ఇత్తనం కాడికి తోల్కపో బిడ్డా" అంది రవళితో. రవళి తీసుకెళ్ళింది. ముత్తవ్వ వంగి, విత్తనం మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి అక్కడ కాసేపు నిలిచింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"చీరున్నది గని, నీడ లేదు బిడ్డా" అంది.

అప్పుడు చూశారు అందరూ. అంతదాకా ఎవరి కళ్ళూ చీర దిగి కిందికి రాలేదు. చీర ఎత్తుగా కట్టారు, ఫోటోలో నిండుగా పడటానికి. పొద్దున కట్టినప్పుడు ఏటవాలు ఎండకు నీడ సరిగ్గా విత్తనం మీదే ఉండి ఉంటుంది. కానీ సూర్యుడు ఫోటో దిగి అక్కడే ఆగిపోలేదు. ఇప్పుడు చీర నీడ నాలుగు గజాలు పక్కకు జరిగి గోడవార చీర కిందికే వచ్చింది. అందులో రెండు కోళ్ళు రెక్కలు పరుచుకుని చల్లగా పడుకున్నాయి. రెండెకరాల విత్తనం మాత్రం నిలువుటెండలో కాగుతోంది. ఇంకో రెండు గంటలైతే మొలక కళ్ళు మాడిపోయేవి.

స్వరూప పరుగున వచ్చి విత్తనం మీద చెయ్యి పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, పొద్దున బాగనే ఉండె అవ్వా" అని బిక్కముఖం వేసింది. ముత్తవ్వ కోప్పడలేదు. "ఉంటది బిడ్డా, పొద్దున ఉంటది. మల్ల మల్ల చెయ్యి పెట్టి చూసుకోవాలె. నడువుండ్రి, కొట్టంల పోద్దాం" అంది.

పశువులను బయట కట్టేసి, కొట్టం ఊడ్చి, గోనెలు పరిచారు. స్వరూప బుట్టలు తెచ్చింది. మందు అంటుతుందని రవళి చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని దారంతో బిగించి కట్టించుకుంది. ఒక్కో బుట్టా నింపడం, మోయడం, కొట్టంలో పలుచగా పరవడం. లింబాద్రి గారు మోయలేక గుమ్మం దగ్గర కూర్చుని ఎండకు మెత్తబడ్డ కొమ్ములను ఏరి వేరు పెట్టారు. మధ్యాహ్నం భోజనం మాట ఎవరికీ గుర్తు రాలేదు. రెండెకరాల విత్తనమంటే మాటలు కాదు. రవళి జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది, నడుము విరిగినట్టయింది, బుట్టల లెక్క ఎప్పుడో తప్పిపోయింది.

ఆఖరి నాలుగు బుట్టలున్నాయనగా ఆమె భుజాన వేలాడుతున్న సంచీలో ఫోన్ మోగింది. తెరిచిన తలుపులోంచి ఇంటి గోడ గడియారం ఐదుకు పావు తక్కువ చూపిస్తోంది. ఎవరిదో రవళికి చూడకుండానే తెలుసు. మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"నీ చేతులకు కవర్లున్నయి గద మేడం, నేను తీసి చెవి కాడ పెట్టన్నా?" అంది స్వరూప.

రవళి బుట్ట ఎత్తుకుంది. "మోగనియ్యి అక్కా" అంది. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు. బరువు బుట్టలో ఉంది కాబట్టి నోటికి తేలికైందేమో. ఫోన్ ఐదు దాటేవరకు ఆగి ఆగి మోగుతూనే ఉంది, తర్వాత ఊరుకుంది.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని అందరూ కొట్టం గుమ్మంలో కూర్చున్నాక, స్వరూప జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి పెట్టింది. రవళి ఆకలి తీరా తింది. అంత రుచైన తిండి ఈ మధ్య తిన్న గుర్తు లేదామెకు. తింటూ అడిగింది, సార్ ఏటేటా మీకెందుకు మొక్కుతారవ్వా అని.

"నాకేం ఎరుక బిడ్డా. ఆయన్నే అడుగు" అంది ముత్తవ్వ.

లింబాద్రి గారు రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశారు. "ముప్పై ఏళ్ళ కింద నేను ఈ ఇంటి ముందరనే విత్తనాన్ని మందుల ముంచి, ఎండల ఆరబెట్టిన. తొందరగ ఆరితె మందు గట్టిగ పడుతదని నా లెక్క. పుస్తకాలల్ల అట్లనే ఉండె. ఈమె వచ్చి ఒక్క మాటన్నది. ఇప్పుడే నీళ్ళు పోసిన పసిపిల్లను ఎండల పండబెడ్తరా సారూ, అన్నది. నాకు కోపమొచ్చింది. ఈమెకు బుద్ధి చెప్పాలనే సగం విత్తనం తీసి ఈ కొట్టంల పరిచిన. ఎండల ఆరిన సగం కుళ్ళిపాయె. కొట్టంల ఆరింది మొలిచె. అదేనమ్మా నా పరిశోధన. సొమ్మొకరిది, సోకొకరిది."

"నేను గట్లన్ననా?" అని ముత్తవ్వ ఆశ్చర్యపోయింది. "యాదికే లేదయ్యా. గా మాట మా అత్త అంటుండె."

లింబాద్రి గారు నవ్వలేదు. "పేపర్‌ల కృతజ్ఞతల కాడ ఈమె పేరు రాసి పంపితి. హోదా ఏందని అడిగిండ్రు. డైరెక్టరుకు హోదా ఉన్నది, టైపిస్టుకు ఉన్నది, జీపు డ్రైవరుకు ఉన్నది. ఈమెకు లేకపాయె. పేరు తీసేసిండ్రు. నేను కొట్లాడలేదమ్మా. నాకప్పుడు ప్రమోషన్ తొందరుండె."

కొట్టంలోంచి పచ్చిపసుపు వాసన చల్లగా వస్తోంది. రవళి పుస్తకం తెరిచి తన పదిహేను గీతలు చూసుకుంది. పదిహేను చీరలు లెక్కపెట్టింది. ఒక్కదాని కింద కూడా నీడ ఉందో లేదో చూడలేదు. రంగు కనబడితే చాలనుకుంది. ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది. ఆ వెంటనే, ఈ పొద్దు ఇక్కడికి తీసుకొచ్చినందుకు గురువు మీద, చెయ్యి పెట్టి చూసినందుకు ఆ ముసలామె మీద గుండె నిండిపోయేంత కృతజ్ఞత కలిగింది. కళ్ళు తుడుచుకుంటే, పచ్చిపులుసు కారం ఎక్కువైందేమోనని స్వరూప నొచ్చుకుంది.

తిరుగుదారిలో పొద్దు వాలుతుండగా, ఆ పద్నాలుగింటిలో దారికి దగ్గరగా ఉన్న ఐదు కొట్టాల దగ్గర రవళి ఆగి ఆగి, అడిగి, విత్తనం మీద చెయ్యి పెట్టి చూసింది. నాలుగు చోట్ల చల్లగా ఉంది. ఆ నాలుగింటి దగ్గరా ఆమె ముఖం వెలిగింది. మాట నిజంగానే నడిచొచ్చింది, చీర ఊరికే కట్టలేదు. పొద్దున పాఠం చెప్పిన పటేలు కొట్టమే ఐదోది. అక్కడ విత్తనం సగం వెచ్చగా ఉంది. రవళి చెబితే అతను గతుక్కుమని గబగబా చీర కిందికి దించి కట్టాడు. "నీలం తెలిసింది గని, పొద్దు తిరుగుడు మర్శిన మేడం" అన్నాడు. ఆ మాటకు గురువుగారు, రవళి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

బస్సులో కూర్చున్నాక ఆమె ఐదు వందల ఖాతాల సంగతి బయటపెట్టింది. చెబుతున్నంతసేపూ కిటికీ వంకే చూస్తూ చెప్పింది. లింబాద్రి గారు మందలించలేదు. "నీ ప్రయోగానికి మడి ఇచ్చింది ఎవరమ్మా?" అని మాత్రం అడిగారు.

"సాయిలు అనే ఒకాయన సార్. తెగులు ఎట్ల పాకుతదో చూసేటందుకు రెండు గుంటల పంట కావాలనే కుళ్ళనిచ్చిండు."

"ఏం తేలిందో ఆయనకు తెలుసునా?"

రవళి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. పేపర్ అచ్చయి ఏడాదిన్నరయింది. అచ్చయిన రోజు ఎనభై మందికి పంపింది. సాయిలు పేరు ఆ ఎనభై మందిలో లేదు. ఆయనకు మెయిల్ లేదు మరి.

ఆదివారం పొద్దున ఆమె సాయిలు పొలానికి వెళ్ళింది. ఏం తేలిందో నేల మీద పుల్లతో గీసి చెప్పింది. తెగులున్న మడి నీళ్ళు కింది మడికి పోకుండా ఎక్కడ కట్ట వేయాలో చూపించింది. ఆయన అంతా విని, "నా రెండు గుంటలు ఊకె పోలేదన్నట్టు" అని, ఆ మాటతోనే కడుపు నిండినట్టు నవ్వి, అప్పటికప్పుడు పార తీసుకుని లేచాడు. కింది మడి ఆయన తమ్ముడిది. అతన్నీ పిలిచి, సాయంత్రం దాకా ముగ్గురూ కట్ట వేశారు.

సోమవారం ఫారం పట్టుకుని గురువు గదికి వచ్చింది. దాని మీద సలహాదారు సంతకం ఉండాలి. లింబాద్రి గారు అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. ప్రభావం అన్నచోట పదిహేడు అని ఉంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఏమీ లేవు. అడుగున, ఇతర వివరాలు అన్న ఖాళీలో రవళి ఇలా రాసింది: "ఈ ఫలితానికి మడి ఇచ్చి పంట నష్టపోయినవారు సాయిలు, రైతు. ఫలితం ఆయనకు నిన్న తెలిపాను. ఏడాదిన్నర ఆలస్యమైంది. ఆయన తన తమ్ముడి మడికి కట్ట వేశారు." అంతే. నూరుకు ఎనభై మూడు తక్కువ. మూడేళ్ళ ప్రాజెక్టు దక్కుతుందన్న ఆశ ఆమెకు పెద్దగా లేదు.

లింబాద్రి గారు సంతకం చేశారు. సంతకం కింద హోదా రాయాల్సిన చోటును ఖాళీగా వదిలేశారు. రవళి అది గమనించి, కాగితం అందుకుంటూ అడిగింది.

"సార్, మీ పేపర్‌కు ముప్పై ఏళ్ళల్ల పదకొండు సైటేషన్లు. ముత్తవ్వ మాటకు ఎన్ని?"

ఆయన కలానికి మూత పెట్టి, మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు.

"అన్నీ నా ఒక్కడివే. ఏటికొక మొక్కు, మొన్నటితో ఇరవై తొమ్మిది" అన్నారు. "వచ్చే మిరుగానికి నేను నడవలేకపోతే, ముప్పయ్యోది నువ్వు రాయమ్మా."